తల్లి నోము, తనయుని నిష్ఠ

బసవేశ్వరుని జీవితమును చెప్పునప్పుడు కల్యాణ పట్టణమునుండి ఆరంభించుట వాడుక. బిజ్జలుని కొలువు, దండనాయక పదవి, అనుభవ మంటపము, శరణుల సమూహము, ఇవి లింగాయత గృహములందలి పిల్లలకు సైతము తెలిసిన విషయములు. కాని ఆ మహనీయుని విశ్వాసము కల్యాణమున పుట్టినది కాదు. అది బాగెవాడిలో ఒక బ్రాహ్మణ గృహమున, తల్లిదండ్రుల ఒడిలో మొలకెత్తినది. ఆ ఇంటినే విడిచి వెడలవలసి వచ్చిన దినమున పరీక్షకు నిలిచినది. ఎదుగుచున్న బిడ్డల దైవభక్తికిని, తల్లిదండ్రుల వాత్సల్యమునకును గల సంబంధ మెట్టిదో తెలియగోరువారు ఆయన బాల్యకౌమారముల కథను శ్రద్ధతో చదువవలయును.

బాగెవాడి నేటి కర్ణాటకమున విజయపుర జిల్లాలో బసవన బాగెవాడి యను పేర ప్రసిద్ధమైయున్నది. బసవేశ్వరుని జన్మవత్సరమును కొందరు చరిత్రకారులు 1105 అనియు, మరికొందరు 1131 అనియు నిర్ణయించిరి. ఆయన లింగైక్యము 1167-68 ప్రాంతమున జరిగినది. అటుపిమ్మట ఒక శతాబ్దము గడువక మునుపే, 1260లో వ్రాయబడిన అర్జునవాడ శాసనము బాగెవాడి మాదిరాజు కుమారునిగా ఆయనను పేర్కొనుచున్నది. బాల్యకథను విస్తరించి చెప్పిన ప్రాచీన గ్రంథములు రెండు. తెలుగున పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణ మొకటి. కన్నడమున హరిహర మహాకవి రచించిన బసవరాజదేవర రగళె మరియొకటి. ఈ రెండు గ్రంథములును తల్లిదండ్రుల విషయముననే భిన్నమైన త్రోవలు పట్టినవి. ఆ భేదమందే గొప్ప పాఠమున్నది.

సోమనాథుడు చెప్పిన కథ తల్లితో మొదలగును. మండెంగ మాదిరాజును, ఆయన సతి మాదాంబయు శివభక్తులు. సంతానము లేని కొరతతో మాదాంబ నందికేశ్వరుని కొలిచి నోము నోచెను. కుమారుడు కలిగినచో ఆ వృషభేశ్వరుని పేరే పెట్టుదునని మ్రొక్కుకొనెను. బసవ యనునది వృషభ శబ్దమునుండి పుట్టిన తద్భవము. గర్భము మూడేండ్లు నిలిచెననియు, ఆ భారము మోయలేక తల్లి మరల నందికేశ్వరునికే మొరపెట్టుకొనెననియు పురాణము వర్ణించును. బిడ్డ పుట్టినంతనే సంగమేశ్వరుడు తాపసి రూపమున వచ్చి శిశువునకు లింగము కట్టెననియు చెప్పును. ఈ వృత్తాంతమును భక్తితో గ్రహించినను, మానవ దృష్టితో పరిశీలించినను ఒక సత్యము నిలుచును. ఆ బిడ్డ పేరు తల్లి చేసిన ప్రార్థన. ఊయలలోనున్న కుమారుని పిలిచినప్పుడెల్ల మాదాంబ తన దైవమును పిలిచినట్లేయైనది. అక్షరము నేర్వక మునుపే ఆ బాలునికి శివుడు తల్లి కంఠస్వరమున పరిచితుడయ్యెను.

ఎనిమిదవ యేడు వచ్చినది. అగ్రహార సంప్రదాయము ననుసరించి మాదిరాజు కుమారునకు ఉపనయనము చేయదలచెను. ఆ సంస్కారము తండ్రికి ఎంత ముఖ్యమైనదో గ్రహింపనిచో తరువాతి కథ అర్థముకాదు. ఉపనయనమున తండ్రియే కుమారునకు గాయత్రి నుపదేశించుట ఆచారము. దానిచేత తండ్రి గురుస్థానము నందును, కుమారుడు రెండవ జన్మ మెత్తినట్లు భావింపబడును. ఆనాడే మాతృభోజనమను పేర తల్లి బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని తినిపించును. అంతటితో శైశవము ముగిసి, బాలుడు తల్లి లోకమునుండి తండ్రి లోకమునకు పోవును. కావున మాదిరాజు తలపెట్టినది కేవలము ఒక జందెమును మెడలో వేయుట కాదు. తన తండ్రి తనకిచ్చినదానిని తన బిడ్డ కిచ్చుట. తండ్రి చేతిలో అంతకంటె విలువైన వస్తువు లేదు.

బాలుడు దానిని నిరాకరించెను. శివదీక్ష పొందినవానికి మరియొక దీక్ష ఏలయని ప్రశ్నించెను. శివుడే గురువైనవాడు కర్మమార్గమున మరియొక గురువునకు శిష్యుడు కానేరడని వాదించెను. తండ్రికిని తనయునకును జరిగిన ఆ సంవాదమును సోమనాథుడు మిక్కిలి శ్రద్ధతో నడిపించెను. ఇందొక విశేషము గమనింపదగియున్నది. బాలుడు తండ్రికి విరుద్ధముగ పలికినది నాస్తికత కాదు. ఆ ఇంటిలో తనకు పెట్టబడిన శివభక్తినే అతడు తండ్రి ముందుంచెను. మీరు నేర్పినదే సత్యమైనచో దానిని చివరివరకు ఏల పాటింపరాదు అనుట ఆ వాదమునకు సారాంశము. తల్లిదండ్రులకు ఇంతకంటె కఠినమైన ప్రశ్న లేదు. బిడ్డ తమ మాట విననందుకు దుఃఖించు తల్లిదండ్రులు లోకమున పెక్కుమంది కలరు. తమ మాటను తమకంటె గట్టిగ పట్టుకొన్న బిడ్డను చూచి కలవరపడినవాడు మాదిరాజు.

లింగాయత సంప్రదాయమున ఈ ఘట్టమునకు మరియొక కారణము చేరినది. బసవని అక్క నాగమాంబ. ఆమెకు లేని ఉపనయనము తనకేల, ఆమె ఏ విషయమున తనకంటె తక్కువయని బాలుడు అడిగెనని పెద్దలు తరతరములుగ చెప్పుచున్నారు. ఒక ఇంటిలో అక్క చేయి పట్టుకొని నడక నేర్చిన బాలునకు ఆ చేయి అపవిత్రమని తోచునా? తరువాతి కాలమున స్త్రీపురుష భేదము లేక ఎల్లరకును ఒకే లింగము, ఒకే దీక్ష అను ధర్మము వెలసినది. దాని బీజము తర్కమునుండి గాక తోబుట్టువు మమతనుండియే మొలచినదని ఈ కథ సూచించుచున్నది.

బాలుడు ఇల్లు వెడలెను. నాగమాంబ అతనితో నడిచెను. మాదాంబ ఆనాడెట్లుండెనో పురాణము విస్తరింపలేదు. నోమునోచి, మ్రొక్కులు మ్రొక్కి, మూడేండ్లు మోసి కన్న కుమారుడు గడప దాటునప్పుడు తల్లి హృదయమున కలిగినదేదో మాతృమూర్తులకు వేరుగ చెప్పనక్కరలేదు. అయినను అతడు రిక్తహస్తముల వెడలలేదు. ఆమె నోము అతని పేరుగా వెంట పోయినది. ఆమె కడుపున పుట్టిన కుమార్తె అతనికి తోడుగా పోయినది. బిజ్జలుని దండనాయకుడగు బలదేవుడు ఆ బాలుని నిష్ఠను విని సంతోషించి, తన కుమార్తె గంగాంబ నిచ్చి వివాహము చేసెనని పురాణము చెప్పుచున్నది. ఒక ఇంటి ద్వారము మూసికొనగా బంధువర్గముననే మరియొక ద్వారము తెరచుకొన్నది.

హరిహరుని కథ వేరు. అందు ఉపనయన సమయమున తండ్రితో వాదము లేదు. బసవని పసితనముననే తల్లిదండ్రు లిరువురును గతించిరి. అవ్వ ఆ బిడ్డను పెంచెను. పదునారేండ్ల ప్రాయము వచ్చుసరికి కర్మబంధముపై విరక్తి కలిగి, జందెమును త్యజించి, బాగెవాడిని వీడి, కృష్ణా మలప్రభా నదుల సంగమమునగల కప్పడి సంగమమునకు బసవడు ఒంటరిగ పోయెను. అదియే నేడు బాగల్‌కోటె జిల్లాలోని కూడలసంగమము. ఒక కవి బసవడు తండ్రి నెదిరించి పోయెను. మరియొక కవి బసవడు తండ్రియే లేక పోయెను. కాని ఇరువురును చేరినది ఆ సంగమనాథుని సన్నిధికే.

ఆధునిక మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు ఈ రెండు మార్గములను గూర్చియు పరిశోధించిరి. ఇంగ్లండు దేశపు మనోవైద్యుడు జాన్ బౌల్బీ (1907-1990) శిశువునకు తల్లితోగల అనుబంధమును పరిశీలించి, భయము కలిగినప్పుడు బిడ్డ తల్లిని ఆశ్రయించుననియు, ధైర్యముగ నున్నప్పుడు ఆమె యున్నదను నమ్మకముతోనే లోకమును చూడబోవుననియు ప్రతిపాదించెను. 1990 మొదలు అమెరికాలో లీ కిర్క్‌పాట్రిక్, స్వీడన్‌లో పేర్ గ్రాన్‌క్విస్ట్ మొదలగు పండితులు ఈ సిద్ధాంతమును దైవభక్తికి అన్వయించిరి. తల్లిదండ్రుల ప్రేమను నిశ్చింతగ అనుభవించిన బిడ్డలు వారి భక్తినే సహజముగ స్వీకరింతురని వారు చెప్పు మొదటి మార్గము. ఆ ప్రేమ లోపించినవారు, లేక కోల్పోయినవారు, ఆ వెలితిని దైవమునందు నింపుకొందురనియు, అట్టివారి భక్తి కౌమారమునందు హఠాత్తుగ తీవ్రరూపము దాల్చుట కలదనియు వారు చెప్పు రెండవ మార్గము. హరిహరుడు చిత్రించిన అనాథ బాలుడు రెండవ మార్గమున కనిపించును. సోమనాథుని బాలుడు మొదటి మార్గమున బయలుదేరి దానిని దాటిపోవును. ప్రేమను నిండుగ పొందిన బిడ్డ తల్లిదండ్రుల ఆచారమును యథాతథముగ మోయునని అనుకొనరాదు. వారి విశ్వాసమును ప్రశ్నించు ధైర్యము సైతము ఆ ప్రేమనుండియే రాగలదు.

కూడలసంగమమున ఈశాన్య గురువు ఆ కిశోరుని చేరదీసెను. బసవడు సంగమనాథుని పూజకు పూలు, నీరు తెచ్చుచు, ఆ సన్నిధిని తన ఇల్లుగ చేసికొనెను. ఈ కాలమును హరిహరుడు మిక్కిలి మృదువుగ వర్ణించెను. ఇల్లు వీడినవానికి ఇల్లు దొరికినది. అంతలో స్వప్నమున సంగమనాథుడు కనబడి మంగళవాడకు పొమ్మని ఆజ్ఞాపించెను. అది నేటి మహారాష్ట్రలో సోలాపురము జిల్లాలోని మంగళవేఢె. బసవడు తల్లడిల్లెను. తనను చేరదీసిన దైవమే తనను వెడలగొట్టుచున్నదని శోకించెను. ఒకసారి ఇంటికి దూరమైనవానికి రెండవసారి అదే గాయము తగిలినది. మరునాడు నందీశ్వరుని ముఖమునుండి లింగము వెలువడి అతని కరమున చేరెనని ఆ కవి చెప్పుచున్నాడు. గుడిలో నిలిచియున్న దైవము అరచేతిలోనికి వచ్చినది. ఇక ఎచటికి పోయినను ఎడబాటు లేదు.

ఇష్టలింగ ధారణ అర్థము ఈ ఘట్టమున తేటపడుచున్నది. పసిబిడ్డ తల్లి కొంగు పట్టుకొని తిరుగును. కొంత పెరిగి, కొంగు విడిచినను అమ్మ ఇంటిలోనే యున్నదను నమ్మకముతో వీధిలో ఆడుకొనును. పెద్దవాడై దేశాంతరము పోయినను ఆ నమ్మకమును హృదయమున మోయును. వక్షఃస్థలమున లింగమును ధరించు భక్తుడు చేయుచున్నదియు అదియే. బసవడు మంగళవాడలో కరణముగ లెక్కలు వ్రాసినను, కల్యాణమున భాండారమును కాపాడినను, ఆ ఆశ్రయము అతనిని వీడలేదు.

ఆయన వచనములన్నియు కూడలసంగమదేవుని అంకితముతో ముగియును. అందు దైవమును తండ్రిగను, తల్లిగను, బంధువర్గముగను ఆయన సంబోధించెను. అంతటితో ఆగక, మాదర చెన్నయ్యను తండ్రి యనియు, డోహర కక్కయ్య మొదలగు శరణులను తన కుటుంబపు పెద్దలనియు చెప్పుకొనెను. చెన్నయ్య, కక్కయ్య ఇరువురును నాటి సమాజము అంటరానివారని త్రోసిపుచ్చిన కులములవారు. అగ్రహారమున మాదిరాజు కుమారుడై పుట్టినవాడు ఇట్లు చెప్పుకొనుట కన్నతండ్రిని తిరస్కరించుట కాదు. తండ్రి యను పదము ఆయనకు అమూల్యము. కావుననే తాను మిక్కిలి గౌరవించినవారికి ఆ పదమునే అర్పించెను. తండ్రి ప్రేమ నెరుగనివాడు, లేక దానిని ద్వేషించినవాడు, ఎవరినైనను తండ్రీ యని పిలుచుకొనునా? ఇల్లు వీడిన బాలుడు తన జీవితమంతయు మరల ఇల్లు కట్టుటలోనే గడపెను. ఆ ఇంటికి కులపు గోడలు లేవు.

ఆ క్రొత్త ఇంటిలో పుట్టింటినుండి వచ్చిన ఆత్మీయురాలు నాగమాంబ యుండెను. ఆమె కుమారుడు చెన్నబసవడు కల్యాణమున మేనమామ చెంతనే పెరిగి, చిన్న వయస్సుననే శరణులకు జ్ఞానియై, షట్‌స్థల సిద్ధాంతమునకు ఆచార్యుడయ్యెను. మేనమామ ఇంటిలో ఆ కిశోరునకు వాదించు స్వేచ్ఛ కలదు. ఎనిమిదేండ్ల వయస్సున తనకు దొరకని వినెడి చెవిని బసవేశ్వరుడు మేనల్లునకు ఇచ్చెను. వయస్సున చిన్నవాడైనను అతని జ్ఞానమునకు తలయొగ్గెను.

బసవపురాణమున సోమనాథుడు చేర్చిన ముగ్ధభక్తుల కథలను ఈ వెలుగున చదువవలయును. గొడగూచి యను బాలిక తండ్రి నిత్యము శివునకు పాలు కొనిపోవుచుండెను. ఒకప్పుడు ఊరు వెళ్లుచు ఆ పనిని కుమార్తెకు అప్పగించెను. శివుడు పాలు త్రాగునని తండ్రి చెప్పినదానిని ఆమె అక్షరాల నమ్మెను. శివుడు త్రాగకపోగా ఏడ్చి, ప్రాణము విడుచుటకు సిద్ధపడెను. శివుడు ప్రత్యక్షమై త్రాగెను. తండ్రి తిరిగివచ్చి ఆ మాట విని, పాలు ఏమైనవని బిడ్డనే గద్దించెను. ఏండ్ల తరబడి పాలు సమర్పించినవాడు శివుడు పాలు త్రాగునని నమ్మలేదు! కడపట ఆ బాలిక లింగమున లీనమైపోయెను. తండ్రి చేతికి బిడ్డ దక్కలేదు. బిడ్డలు పెద్దల మాటను ఎంత నిజముగ నమ్ముదురో, పెద్దలే దానిని నమ్మకపోవుట ఎంత ప్రమాదమో ఈ కథ చెప్పుచున్నది.

బెజ్జ మహాదేవి కథ దీనికి మరియొక ప్రక్క. శివునకు తల్లి లేదని విని ఆమె జాలిపడెను. తల్లి యున్నచో బూడిద పూసికొని, జడలు కట్టి, భిక్షమెత్తి తిరుగనిచ్చునా, విషము త్రాగనిచ్చునా యని తలపోసి, తానే ఆయనకు తల్లియై తలంటి, అన్నము పెట్టి, నిద్రపుచ్చెను. దేవునకైనను తల్లి కావలయునని ఆమె నమ్మకము. ఇల్లు వీడిన బాలుని మహిమను చెప్పు గ్రంథమున ఇట్టి కథలకు చోటిచ్చుటలో సోమనాథుని హృదయము కనిపించుచున్నది. భక్తికి మొదటి బడి తల్లి ఒడియని ఆయన ఎన్నడును మరువలేదు.

కల్యాణపు చివరి దినములలో మరల తండ్రుల కథయే వచ్చును. బ్రాహ్మణ కులమున పుట్టి శరణుడైన మధువరసు, చెప్పులు కుట్టు కులమున పుట్టి శరణుడైన హరళయ్య తమ బిడ్డలకు వివాహము జరిపించిరని సంప్రదాయము. శరణులకు కులము లేదను మాటను వారు వాక్కుననే నిలుపక తమ కన్నబిడ్డల జీవితమున నడిపిరి. బిజ్జలుడు ఆ ఇరువురు తండ్రులను క్రూరముగ దండించెను. కల్యాణము అల్లకల్లోలమయ్యెను. మాదిరాజు తన కుమారుని వెంట నడువలేకపోయెను. ఈ తండ్రు లిరువురును తాము నమ్మినదానిని బిడ్డలకిచ్చి, దాని మూల్యమును తమ దేహములతోనే చెల్లించిరి.

బసవేశ్వరుడు కల్యాణమును విడిచి కూడలసంగమమునకు మరలివచ్చి, కిశోరుడై తాను మొదట ఆశ్రయించిన నదీసంగమముననే లింగైక్యము నొందెను. నాగమాంబ కుమారుడగు చెన్నబసవనితోడను, మిగిలిన శరణులతోడను పడమటి కనుమలలోని ఉళివికి ప్రయాణము సాగించెను. బాగెవాడి గడప దాటిననాడు తమ్మునితో నడిచిన అక్క, తమ్ముడు లేననాడును ఆ త్రోవను వీడలేదు.

నేటికిని వీరశైవ గృహములందు శిశువు పుట్టిన కొలది దినములకే గురువు లింగధారణ చేయించును. మోయలేని పసిబిడ్డకు బదులుగ తల్లియే ఆ లింగమును కాపాడి పూజించును. కొన్నేండ్లకు గురువు దీక్ష నొసగి ఆ లింగమును బిడ్డ కరమున నుంచును. ఆ రెండు దినముల నడుమ తల్లిదండ్రుల కర్తవ్యమంతయు ఇమిడియున్నది. పదునైదేండ్ల కుమారుడు పూజ ఎందులకని అడిగినప్పుడు గద్దించి నోరు మూయించు ఇంటిలో గొడగూచి తండ్రి యున్నట్లే. కూర్చుండబెట్టుకొని, తాము నమ్మినదానిని తమకు తెలిసినంత చెప్పి, తెలియనిదానిని గురువు నడుగుదమని వెంటబెట్టుకొని పోవు ఇంటిలో బిడ్డ దూరము పోయినను ఒంటరి కాడు. బాగెవాడి బాలుడు ఇల్లు వీడి పోవుచు లింగమును విడువలేదు. దానిని ఎట్లు పట్టుకొనవలయునో మాదాంబ అతనికి అదివరకే నేర్పియుండెను.